అవటు గ్రంథి: సగమా, సాంతమా?

కంఠమునకు దిగువన సీతాకోకచిలుక ఆకారమున ఒదిగియుండు గ్రంథిని అవటు గ్రంథి యందురు. వాడుకలో థైరాయిడ్ అను మాటయే స్థిరపడినది. దీనికి రెండు తమ్మెలు, వానిని కలుపు సన్నని వంతెన ఒకటి.

ఈ గ్రంథిలో పుట్టు కాన్సరులలో అధికభాగము పాపిలరీ జాతికి చెందినవి, మందగతిని పెరుగును. గడ్డ చిన్నదై, గ్రంథిని దాటక, లింఫు గ్రంథులకు ప్రాకక, దూరాంగములకు చేరక యున్నచో అపాయము స్వల్పము. కాన్సరునకు 'స్వల్పము' అను మాట చేర్చుట వింతగా తోచును గాని, ఈ రోగము విషయమున అది నిజము.

నరసరావుపేటలో మరియొక కారణమున మెడకు స్కానింగు చేయించుకొన్న ఒకరికి ఒకటిన్నర సెంటీమీటరు గడ్డ కనబడి, సూదిపరీక్షలో కాన్సరని తేలినదనుకొందము. ఇంటిల్లిపాదీ అను మాట ఒక్కటే: "మొత్తం తీసేయండి డాక్టరుగారూ."

వైద్యులును చాలకాలము అట్లే తలచిరి. 2007లో అమెరికాలో 52,173 మంది రోగుల వివరములు పరిశీలించి, సెంటీమీటరుకు మించిన గడ్డలకు గ్రంథిని సాంతము తీయుటయే మేలని చెప్పిరి. 2014లో అదే జాతీయ పట్టికనుండి 61,775 మందిని తీసికొని, రోగికిగల ఇతర వ్యాధులను, కాన్సరు గ్రంథిని దాటినదా లేదా అనుదానిని కూడ లెక్కలోనికి తెచ్చి చూడగా, ఒకటి మొదలు నాలుగు సెంటీమీటర్ల గడ్డలలో ఆ తేడా మాయమయ్యెను! 2015లో అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్, ఇట్టి గడ్డలకు ఒక తమ్మెను తీసినను చాలునని అంగీకరించెను. నాలుగు సెంటీమీటర్లు దాటినను, చుట్టు కండరములలోనికి చొచ్చినను సాంతమే తీయవలెను.

సాంతము తీయుటకు మూల్యము కలదు. బెర్న్ నగర శస్త్రవైద్యుడు కోకర్, గ్రంథి పూర్తిగా కోల్పోయిన తన రోగులు ఉబ్బి, మందబుద్ధులగుట గమనించి, 1883లో ఆ సంగతి లోకమునకు తెలిపెను. 1909లో ఆయనకు నోబెల్ బహుమతి లభించినది. నేడు థైరాక్సిను మాత్ర కలదు. కాని జీవితాంతము ప్రతిదినము పరగడుపున మింగవలెను. (రంజాను ఉపవాసములలో సహరీకి ముందా, పడకవేళనా అనునది వైద్యునితో నిర్ణయించుకొనవలెను.) గ్రంథి వెనుక సాధారణముగా నాలుగు పారాథైరాయిడ్ గ్రంథులుండును. అవి దెబ్బతిన్నచో రక్తమున కాల్షియము పడిపోయి చేతులు కొంకరలు పోవును. స్వరతంత్రుల నాడి ఇరువైపులా గాయపడినచో మాటకే కాదు, ఊపిరికిని ముప్పు. ఒక తమ్మెనే తీసినచో రెండవవైపు నాడి జోలికి పోనక్కరలేదు.

సగము తీయుటయు నిష్పూచీ కాదు. కొందరికి మాత్ర తప్పదు. కోసిన ముక్క పరీక్షలో ఎక్కువ అపాయము బయటపడినచో మిగిలిన తమ్మెకు మరల కత్తి పెట్టవలసి వచ్చును. రేడియో అయోడిను చికిత్స కావలసిన వారికి గ్రంథి మొత్తము పోవలసినదే.

మాచర్లనుండి గుంటూరుకు పోయివచ్చుట యనగా ఒక దినము కూలి పోవుట. పారాథైరాయిడ్లు శాశ్వతముగా పోయినవాడు, కాల్షియము పడిపోయిన అర్ధరాత్రి, ఎవరి తలుపు తట్టును? ఈ దూరమును కూడ కొలతలలో చేర్చవలెనని నా అభిప్రాయము. రెండవ తమ్మె నిర్మలముగా నున్న చిన్నగడ్డ గలవారు సగమునకే మొగ్గుట తగును. అయితే ఏటేటా మెడ స్కానింగు మానరాదు.

శస్త్రచికిత్సకు ముందు అడుగవలసిన ప్రశ్నలు కొన్ని: గడ్డ ఎంత? లింఫు గ్రంథులు చూచితిరా? రెండవవైపు ఎట్లున్నది? మీరు ఏటా ఇట్టివి ఎన్ని చేయుదురు? ఈ చివరి ప్రశ్న అడుగుటకు మనవారు జంకుదురు, జంకరాదు. తరువాత వచ్చు బయాప్సీ కాగితమును భూమి పట్టాతో సమానముగా భద్రపరచవలెను. మిగిలిన తమ్మె ఉండునో పోవునో దానినిబట్టియే తేలును.