ఊక లేని గింజకు కాపలా: నగర గృహంలో బియ్యం నిల్వ

పండుగకు స్వగ్రామం వెళ్ళివచ్చే తెలుగు కుటుంబాలు అనేకం సొంత పొలంలో పండిన బియ్యాన్ని బస్తాలకెత్తి నగరానికి తెచ్చుకుంటాయి. రెండు మూడు నెలలు గడిచేసరికి బస్తాలో పురుగు కనిపిస్తుంది. ఊరిలో ఏడాది పొడుగునా నిలిచే ధాన్యం ఇక్కడ ఎందుకు చెడుతోంది?

ఊరిలో గాదెలో నిల్వ చేసేది బియ్యం కాదు, వడ్లు. తేమ 14 శాతానికి మించకుండా వడ్లను ఎండబెట్టి, కావలసినప్పుడల్లా కొద్దికొద్దిగా ఆడించుకోవడం పెద్దల పద్ధతి. గింజను కప్పి ఉన్న ఊక పురుగుకు చాలావరకు అడ్డుగోడ. నగరానికి చేరేది ఆ కవచం తొలగిన గింజ.

ముక్కుపురుగు గింజకు రంధ్రం చేసి, లోపల గుడ్డు పెట్టి, పైన మూసివేస్తుంది. పిల్లపురుగు గింజలోనే పెరిగి, వెచ్చని వాతావరణంలో సుమారు నెల రోజులకు బయటపడుతుంది. కనుక కంటికి శుభ్రంగా కనిపించే బియ్యంలోనూ గుడ్లు ఉండవచ్చు.

పాటించవలసిన పద్ధతులు

1. ఒకటి రెండు నెలలకు సరిపడినంత బియ్యమే తెచ్చుకోవాలి. మిగిలినది ఊరిలో వడ్లుగానే ఉంచడం మేలు.
2. డబ్బాను కడిగి, పూర్తిగా ఆరబెట్టి, గాలి చొరని మూతతో బిగించాలి. నిండుగా పోస్తే లోపల గాలి తగ్గి పురుగు పెరుగుదల మందగిస్తుంది.
3. పాత బియ్యంపై కొత్త బియ్యం పోయరాదు.
4. బస్తాను నేలకు, గోడకు ఆనించక చెక్కబల్లపై ఉంచాలి. వానకాలంలో గోడల చెమ్మ బియ్యానికి పాకుతుంది.
5. ఎండిన వేపాకు పురుగును కొంత దూరం ఉంచుతుంది. గింజలోని గుడ్లను చంపదు. కొద్దిపాటి బియ్యాన్ని వారం రోజులు ఫ్రీజర్‌లో ఉంచితే గుడ్లు సైతం నశిస్తాయి.

పురుగు పట్టిన బియ్యాన్ని జల్లించి, చేటతో చెరిగి, కడిగి వండుకోవచ్చు. బూజు పట్టిన బియ్యం మాత్రం పనికిరాదు. బూజు విషాలు కడిగినా, వండినా పూర్తిగా పోవు. వాటిని పశుపక్ష్యాదులకు కూడా పెట్టరాదు. తడి చెత్తలో వేయాలి.

ప్రాణాపాయ హెచ్చరిక

గోదాములలో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలను ఇంటి బస్తాలో వేయడం అత్యంత ప్రమాదకరం. గాలిలోని తేమ తగిలితే చాలు, వాటి నుండి ఫాస్ఫీన్ అనే విషవాయువు వెలువడుతుంది. దానికి విరుగుడు మందు లేదు. బస్తా ఉన్న గదిలోనే పిల్లలు నిద్రించే ఇరుకు ఇళ్ళలో ఒక్క రాత్రిలో ప్రాణాలు పోవచ్చు. ప్రభుత్వ నిపుణుల, లేదా అనుమతి పొందిన సంస్థల పర్యవేక్షణలో తప్ప వాటిని వాడరాదు. తెలియక ఇంట్లో వేసి ఉంటే వాటిని ముట్టవద్దు, వాటిపై నీరు పోయవద్దు. వెంటనే అందరూ బయటకు వచ్చి, ఇరుగుపొరుగువారిని హెచ్చరించి, 112కు ఫోన్ చేయండి. తలనొప్పి, వాంతి, ఆయాసం కనిపిస్తే 108కి తెలిపి, ఆలస్యం చేయక ఆసుపత్రికి చేరండి.

పురుగు తిన్న బియ్యం పోతే మళ్ళీ కొనుక్కోవచ్చు. ఇంట్లో ధాన్యానికి కావలసిన కాపలా పొడిదనం, బిగువైన మూత, మితమైన నిల్వ, విషం కాదు.