గుండె మాత్ర మధ్యలో ఆగకూడదు

సాయం కోరి వచ్చేవారు చూపించే మందుల చీటీల్లో ‘లాల్’ అని ముగిసే పేర్లు దాతలకు తరచు కనబడుతుంటాయి. అటెనొలాల్, మెటోప్రొలాల్, బిసోప్రొలాల్, కార్వెడిలాల్. వీటిని బీటా బ్లాకర్లు అంటారు. మేము బడిపంతుళ్లమే గాని వైద్యులం కాము. అయినా ఈ మందు పనిచేసే తీరు తెలిస్తే మన సాయం ఎక్కడ గాడి తప్పుతుందో తెలుస్తుంది.

భయం, కోపం, శ్రమ కలిగినప్పుడు ఒంట్లో అడ్రినలిన్ ఊరి, గుండెలో తనకోసం వేసివున్న పీటల మీద కూర్చుని దాన్ని పరుగెత్తిస్తుంది. ఈ మాత్ర ఆ పీటలను ముందే ఆక్రమిస్తుంది. గుండె నెమ్మదిస్తుంది, రక్తపోటు తగ్గుతుంది. 1960లలో ప్రొప్రనొలాల్‌ను రూపొందించిన జేమ్స్ బ్లాక్‌కు 1988లో నోబెల్ బహుమతి వచ్చింది.

చిక్కు ఇక్కడే ఉంది. నెలల తరబడి మాత్ర వాడితే శరీరం అదనంగా పీటలు వేసుకుంటుంది. ఒక్కసారిగా మానేస్తే అన్నీ ఖాళీ. అడ్రినలిన్ వాటన్నిటి మీదా కూర్చుంటుంది. గుండెదడ, ఛాతీనొప్పి, ఒక్కొక్కరికి గుండెపోటు కూడా రావచ్చు. 1975 నాటికే వైద్యులు దీన్ని గుర్తించి రాశారు. మానవలసి వస్తే డాక్టరే మోతాదును మెల్లమెల్లగా తగ్గిస్తారు.

2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో మన శ్రీకాకుళం ఒకటి. గుండె ఆపరేషన్ భారం చాలామందికి తగ్గింది. ఆ తరువాత ఏళ్ల తరబడి మింగవలసిన మాత్రల మాట వేరు. ఒక నెల మందులు కొనిచ్చి, రెండో నెల మరచిపోయే దానం ఈ మందు విషయంలో ప్రమాదమే. ఏడాదికి సరిపడా సొమ్ము మందుల దుకాణంలో జమ చేసి, నెలనెలా ఇప్పించడం మంచిదని మా అభిప్రాయం. ఇంట్లో మిగిలిన స్ట్రిప్పులు మరొకరికి ఇవ్వడం వద్దు. మెటోప్రొలాల్ లోనే రెండు రకాలున్నాయి: టార్ట్రేట్ సాధారణంగా రోజుకు రెండుసార్లు, సక్సినేట్ ఒకసారి. పేరు ఒకటే కదా అని ఒకదాని బదులు మరొకటి కొనకూడదు. సక్సినేట్ మాత్రను నూరి మింగించకూడదు. నెమ్మదిగా కరగవలసిన మందంతా ఒక్కసారే ఒంట్లోకి దిగిపోతుంది.

ఉబ్బసం ఉన్నవారు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. వెరాపమిల్, డిల్టియాజెమ్ వాడేవారూ అంతే. మధుమేహులకు చక్కెర పడిపోయినప్పుడు వచ్చే గుండెదడ, వణుకు ఈ మందువల్ల పైకి తెలియకపోవచ్చు. చెమట మాత్రం పడుతుంది. అది కనబడితే వెంటనే చక్కెర పరీక్ష చేసుకోవాలి. మన పొందూరులో మగ్గం గుంటలో గంటల తరబడి కూర్చునేవారు గభాలున లేస్తే కళ్లు తిరుగుతాయి, నిదానంగా లేవాలి. నాడి నిమిషానికి యాభైకంటే తగ్గి నీరసంగా ఉంటే డాక్టరును కలవాలి. స్పృహ తప్పినా, ఛాతీ నొప్పి వచ్చినా, ఊపిరి ఆడకపోయినా 108కి ఫోన్ చేయాలి.

రంజాన్‌లో పొద్దుటి మాత్రను తమంతట తామే ఇఫ్తార్‌కు జరుపుకునేవారుంటారు. రెండు పూటల మందు ఒక పూటగా మారిపోతుంది, లేదా రెండు మాత్రలూ ఒకేసారి పడతాయి. రోగికి ఉపవాసం నుంచి మినహాయింపు ఉంది. అయినా ఉండదలచినవారు నెలవంక కనబడకముందే, కొన్ని వారాల ముందుగా, చీటీ పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లి సహరీకి ఏది, ఇఫ్తార్‌కు ఏది అని రాయించుకోవాలి. ఒక మాత్ర మరచిపోతే దానికి బదులుగా తరువాతి పూట రెండు వేసుకోకూడదు.