ఘాట్ దిగే లారీకి గేరే పగ్గం

బోర్లు ఎండి, బత్తాయి తోటలు కొట్టేసుకున్న ఏడాది మర్రిగూడ చుట్టుపక్కల పల్లెల్లో ఒక మాట వినబడుతుంది: "పిలగాడు లారీ మీదికి పోయిండు." ట్రాక్టరు తోలిన చెయ్యే గదా, లారీ ఎంత పని అనుకుంటారు. దేవరకొండ దాకా ఆ మాట నిజమే. డిండి మీదుగా శ్రీశైలం రోడ్డెక్కితే మాత్రం కథ వేరు. మన్ననూరు దాటాక దారి నల్లమల ఎక్కుతుంది. దోమలపెంట దాటాక డ్యాం వైపు మలుపులు తిరుగుతూ దిగుతుంది. ఆ దిగుడు దగ్గరే అసలు పరీక్ష.

ముందు లైసెన్సు సంగతి. మీ అబ్బాయికి 20 ఏళ్ళు నిండాలి. చిన్న వాహనాల లైసెన్సు తీసుకుని కనీసం ఏడాది కావాలి. అప్పుడే పెద్ద బండికి లెర్నరు లైసెన్సు ఇస్తారు. ఎనిమిదో తరగతి చదివి ఉండాలన్న నిబంధన 2019లో ఎత్తేశారు గనుక చదువు లేదని దిగులు వద్దు. లెర్నరు చేతిలో ఉన్నన్నాళ్ళు పక్క సీట్లో లైసెన్సున్న డ్రైవరు ఉండి తీరాలి. "ఓనరే తోలమన్నడు" అంటే చట్టం వినదు.

ఇక తోలుడు సంగతి. నిండు బండితో ఎడ్లు వాలులో దిగేటప్పుడు చూశారు కదా? కాళ్ళు తన్నిపట్టి, బరువును వెనక్కి ఆపుకుంటూ అడుగు వేస్తాయి. లారీలో ఆ ఎడ్ల పని ఇంజిను చేయాలి. అందుకు దిగుడు మొదలుకాక ముందే, పైనే, చిన్న గేరు వేసుకోవాలి. ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనో, అంతకన్నా చిన్న గేరులోనో దిగాలన్నది పాత డ్రైవర్ల లెక్క. సగం దిగాక గేరు మార్చబోతే, అది పడకపోతే, బండి న్యూట్రల్‌లో ఉండిపోతుంది. అంటే ఎడ్లను విప్పేసి బండిని వాలులో వదిలినట్టే. డీజిలు మిగులుతుందని కావాలనే న్యూట్రల్‌లో దించేవాళ్ళూ ఉన్నారు. ఆ మిగిలేది ఎన్ని రూపాయలో, పోయేది ఏమిటో మీరే లెక్క వేసుకోండి.

బ్రేకు మీద కాలు ఆనించి ఉంచితే డ్రమ్ములు, లైనింగులు కాగిపోతాయి. కాగిన కొద్దీ పట్టు తగ్గుతుంది. వేగం పెరిగితే ఒకసారి గట్టిగా తొక్కాలి, తగ్గగానే వదలాలి. గాలి బ్రేకుల బండిలో టకటకా తొక్కితే ట్యాంకులో గాలి తరిగిపోతుంది. మీటరు ముల్లు మీద ఒక కన్ను ఉండాలి. వాలులో ఇంజిను ఆపితే గాలి నిండదు, స్టీరింగు బరువెక్కుతుంది. కమురు వాసన వస్తే వెడల్పు ఉన్నచోట పక్కకు ఆపి చల్లారనివ్వాలి. వేడి డ్రమ్ము మీద నీళ్ళు కుమ్మరిస్తే పగులుతుంది.

వేగం రెట్టింపయితే ఆపడానికి నాలుగింతల బలం కావాలి. బరువు పెరిగినా అంతే, బ్రేకు మీద భారం పెరుగుతుంది. 2018 సెప్టెంబరు 11న జగిత్యాల జిల్లా కొండగట్టు ఘాట్ దిగుతున్న ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. అందులో పరిమితికి మించి జనం ఉన్నారు.

ఎక్కే బండికి దిగే బండి దారి ఇవ్వాలన్నది రూలు. ఇరుకు మలుపులో ఎక్కే లారీ ఆగితే మళ్ళీ కదలడం కష్టం. మలుపుకు ముందే హారను కొట్టండి, మలుపులో ఓవర్‌టేక్ వద్దు.

ట్రాక్టరు ఉన్నవాళ్ళకు ఒక మాట. రోడ్డెక్కేముందు కుడి, ఎడమ బ్రేకు పెడళ్ళు కలిపి గొళ్ళెం పెట్టండి. ఒక్క పక్క బ్రేకు పడితే, వెనక ట్రాలీ నెట్టుకొచ్చి బండి తిరగబడుతుంది. చెరువు కట్ట దిగేటప్పుడు కూడా చిన్న గేరే.

నేర్చుకునేవాడు మొదట క్లీనరుగా పది ట్రిప్పులు కూర్చుని చూడాలి. తర్వాత ఖాళీ బండితో, పగటిపూట తోలాలి. బరువు ఆ తర్వాతే. బండి ఆపినప్పుడు చక్రాల కింద రాళ్ళు పెట్టడం క్లీనరు పని. బయలుదేరేటప్పుడు వాటిని తీసి పక్కన పారేయడం కూడా ఆయన పనే, కాని చాలామంది రోడ్డు మీదే వదిలేస్తారు. వెనక వచ్చే బైకు మన ఊరి వాడిదే కావచ్చు.

నల్లమలలో పులుల అభయారణ్యం ఉంది గనుక రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మన్ననూరు దగ్గర గేటు వేస్తారు. ఆ వేళకు చేరితే అక్కడే పడుకుని, తెల్లారి టైర్లు, గాలి, బ్రేకు చూసుకుని కదలండి.