రెప్పపాటు వెలుగు కోసం కాపలా

చీకటి పడ్డాక సిరోంచ దగ్గర ప్రాణహిత ఒడ్డున నిలబడి పైకి చూస్తే అప్పుడప్పుడు ఒక చుక్క రాలుతుంది. "అదుగో!" అని పక్కవారికి చూపేలోగా అది మాయమవుతుంది. అది నిజానికి చుక్క కాదు. మన వాతావరణంలో మండిపోయే చిన్న రాతి రేణువు. కాని ఎంతో దూరపు నక్షత్ర లోకాల నుంచి వచ్చి, దాదాపు అంతే తొందరగా ఆరిపోయే వెలుగులు కూడా ఉన్నాయి. వాటిని పట్టడానికి మనిషి తన కన్నునూ, చేతినీ నమ్ముకోలేక యంత్రాన్ని కాపలా పెట్టవలసి వచ్చింది.

వాటి సంగతి అనుకోకుండా బయటపడింది. అణుపరీక్షలను పరిమితం చేస్తూ 1963లో కొన్ని దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. ఎవరైనా దొంగచాటుగా బాంబులు పేలుస్తున్నారేమో కనిపెట్టడానికి అమెరికా 'వేలా' అనే ఉపగ్రహాలను పంపింది. బాంబు పేలితే గామా కిరణాలు వెలువడతాయి. 1967లో ఆ ఉపగ్రహాలకు గామా కిరణాలు తగిలాయి గాని, అవి భూమి నుంచి వచ్చినవి కావు! ఈ సంగతిని శాస్త్రజ్ఞులు 1973లో ప్రకటించారు. వీటినే గామా కిరణ విస్ఫోటనాలు అంటారు. పెద్ద నక్షత్రం తన బరువుకు తానే కుప్పకూలినప్పుడు, లేదా రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొని కలిసిపోయినప్పుడు ఇవి పుడతాయి.

గామా కిరణాలతోపాటు కంటికి కనిపించే మెరుపు కూడా వస్తుందా? ఇది తేలడానికి చాలా కాలం పట్టింది. విస్ఫోటనం కొన్ని క్షణాలే ఉంటుంది. ఉపగ్రహం నుంచి కబురు అంది, మనిషి దూరదర్శినిని తిప్పి గురి చూసేసరికి అంతా అయిపోయేది. 1997లో మొదటిసారి ఒక విస్ఫోటనపు కాంతి దొరికింది. అది చాలా గంటల తరువాత తీసిన చిత్రం. పొయ్యి ఆరాక నివురు చూసినట్లే.

అమెరికాలో కార్ల్ ఎకర్లాఫ్ బృందం లాస్ అలమోస్‌లో 'రోట్సీ' అనే యంత్రాన్ని నిలిపింది. చూడటానికి అది ఘనమైనదేమీ కాదు. నాలుగు కెమెరా కటకాలు, వాటిని గిర్రున తిప్పే పీఠం, ఒక కంప్యూటరు. అప్పట్లో ఉపగ్రహం చెప్పే దిక్కు ఉజ్జాయింపుగానే ఉండేది. అందుచేత గాలం లాంటి పెద్ద దూరదర్శిని పనికిరాదు, విసురువల లాంటి వెడల్పు చూపు కావాలి. కబురు రాగానే మనిషి చెయ్యి పడకుండా కంప్యూటరే కెమెరాలను తిప్పి చిత్రాలు తీస్తుంది. 1999 జనవరి 23 తెల్లవారుజామున విస్ఫోటనం మొదలైన 22 సెకండ్లకే రోట్సీ మొదటి చిత్రం తీసింది. మరో 25 సెకండ్లకు ఆ మెరుపు మామూలు బైనాక్యులరుకు అందేటంత వెలిగింది. పది నిమిషాల్లో బాగా మసకబారింది. ఆ కాంతి భూమిని చేరడానికి 900 కోట్ల సంవత్సరాలకు పైగా పట్టింది. ఆ కొద్ది నిమిషాలు తప్పితే మరి దొరకదు.

2008 మార్చి 19న, స్వాతి నక్షత్రం ఉన్న భూతేశ మండలంలో వచ్చిన మెరుపు ఇంకా గొప్పది. చీకటి ఆకాశంలో వట్టి కంటికే కనిపించేటంత వెలుగు అర నిమిషంపాటు నిలిచింది. అరగంట ముందే ఆ పక్కన మరో విస్ఫోటనం జరగడంతో చిలీ దేశంలోని స్వయంచాలక కెమెరాలు అటే చూస్తున్నాయి. అదృష్టమంటే అది! మన దేశంలో అప్పుడు పగలు పన్నెండు కావస్తోంది. ఆ కాంతి బయలుదేరి 750 కోట్ల సంవత్సరాలు. సిరోంచ తాలూకాలోని కోట గ్రామం పేరు పెట్టిన రాతిపొరల్లో రాక్షసబల్లుల ఎముకలు దొరికాయి కదా, అవి పదహారు కోట్ల ఏళ్లకు పైబడినవి. ఆ కాంతి బయలుదేరేనాటికి రాక్షసబల్లులే కాదు, భూమే లేదు.

మన దేశమూ ఈ కాపలాలో ఉంది. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి ఎగిరిన ఆస్ట్రోశాట్ ఉపగ్రహం 2023 నవంబరు నాటికి ఆరు వందల విస్ఫోటనాలను గుర్తించింది. లడఖ్‌లోని హాన్లేలో, సుమారు 4,500 మీటర్ల ఎత్తున, బెంగుళూరు భారతీయ ఖగోళ భౌతిక సంస్థ, ముంబయి ఐఐటీ కలిసి 70 సెంటీమీటర్ల స్వయంచాలక దూరదర్శినిని 2018లో నెలకొల్పాయి. అమెరికాలో తెల్లవారి అక్కడి దూరదర్శినులు కళ్లు మూసుకున్నాక, హాన్లేలో చీకటి పడి కాపలా దీని వంతుకు వస్తుంది.

ప్రశ్నలు
1. రోట్సీకి పెద్ద దూరదర్శిని బదులు కెమెరా కటకాలు ఎందుకు వాడారు?
2. 2008 నాటి మెరుపును మన దేశం నుంచి ఎందుకు చూడలేకపోయారు?
3. ఆకాశంలో స్వాతి నక్షత్రాన్ని ఎలా గుర్తుపట్టాలో మీ ఇంట్లో పెద్దలను అడిగి రాయండి.