ఎగిరే సెల్ టవరు - శక్తి లెక్క

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరాన్ని దాటినప్పుడు విద్యుత్ సరఫరా స్తంభించింది. దానితోపాటు సెల్‌ఫోన్లూ మూగవోయాయి. టవరు నిలిచి ఉన్నా, దానికి విద్యుత్తు అందనిదే ప్రయోజనం లేదు కదా! ఇటువంటి ఆపత్సమయాలలో చిన్న ప్రసార యంత్రాన్ని డ్రోనుకు అమర్చి ఆకాశంలో నిలిపితే, క్రింది ప్రాంతానికి తాత్కాలికంగా టెలిఫోన్ సౌకర్యం కల్పించవచ్చును. అయితే ఆ డ్రోను ఎంతసేపు నిలువగలదు?

నాలుగు కిలోగ్రాముల బరువు, 38 సెంటీమీటర్ల వ్యాసం గల నాలుగు ప్రొపెల్లర్లు ఉన్న డ్రోనును ఉదాహరణగా తీసుకొందాం. అది కదలకుండా గాలిలో నిలిచి ఉండటానికి సిద్ధాంతరీత్యా సుమారు 230 వాట్లు అవసరం. మోటార్లలోను, ప్రొపెల్లర్లలోను కలిగే నష్టాలను చేర్చితే అది 350 నుంచి 400 వాట్లకు చేరుతుంది. దాని నుంచి వెలువడే రేడియో తరంగాల శక్తి మాత్రం ఒకటి రెండు వాట్లే కావచ్చు. మాట మోయడానికి కాదు, బరువు మోయడానికే వ్యయమంతా!

కిలోగ్రాము లిథియం బాటరీలో సుమారు 200 వాట్-గంటల శక్తి నిల్వ ఉంటుంది. అనగా మన డ్రోనుకు అరగంట ఆయువు. మరో నాలుగు కిలోల బాటరీ చేర్చితే? ఆ ప్రొపెల్లర్లే మోయగలవనుకొన్నా, బరువు రెట్టింపైనప్పుడు కావలసిన శక్తి 2.8 రెట్లవుతుంది. బాటరీ అయిదింతలైనా కాలం రెండింతలు కూడ కాదు. విచిత్రమేమంటే, ఒకేచోట నిలవడం కంటె మితవేగంతో చుట్టూ తిరగడానికే తక్కువ శక్తి చాలును; ముందుకు సాగే డ్రోనుకు ప్రతి క్షణం కొత్త గాలి ఆధారంగా లభిస్తుంది. వేగం మరీ హెచ్చితే గాలి నిరోధం ఆ లాభాన్ని మింగివేస్తుంది.

బాటరీని విడిచి, నేల నుంచి తీగ ద్వారా విద్యుత్తు పంపడం మరొక మార్గం. మరియా తుపాను తాకిడికి గురైన ప్యూర్టోరికోలో 2017 నవంబరులో ఏ.టి. అండ్ టి. సంస్థ ఈ పద్ధతిలోనే ఒక డ్రోనును 200 అడుగుల ఎత్తు వరకు నిలిపింది. కాని తీగ క్రింది కొసన జనరేటరు కావాలి. దానికి ఇంధనం కావాలి. చెట్లు కూలిన రోడ్ల మీదుగా ఆ ఇంధనం రావాలి.

సూర్యరశ్మిపై ఆధారపడే పొడవైన రెక్కల విమానాలు మూడవ మార్గం. 25 మీటర్ల రెక్కలున్నా 75 కిలోల బరువే తూగే ఎయిర్‌బస్ వారి జెఫైర్ 2022లో 64 రోజులపాటు గాలిలోనే ఉన్నది. మన దేశంలో బెంగుళూరులోని జాతీయ వైమానిక ప్రయోగశాల రూపొందించిన 12 మీటర్ల రెక్కల నమూనా 2024 ఫిబ్రవరిలో కర్ణాటకలోని చళ్ళకెరె వద్ద ఎనిమిదిన్నర గంటలు ఎగిరింది. ఈ తరహా విమానాలన్నిటికీ అసలు పరీక్ష రాత్రివేళ. పగటి ఎండను రాత్రికి దాచే బాటరీ ఎంత పెద్దదైతే, దానిని మోయడానికి రెక్క అంత పొడవు కావాలి.