చుక్కల ముగ్గు, అచ్చులో ఫొటో



ఈసారి సంచికకు ఫొటోలు పంపమని అడిగితే మీరు చాలానే పంపారు. జూబ్లీ పార్కులో గులాబీల ముందు నిలబడి దిగినవి, చలికాలం పిక్నిక్‌లో డిమ్నా చెరువు గట్టున తీసినవి, సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే దోమొహాని దగ్గర తీసినవి ఉన్నాయి. బిష్టుపూర్ రామమందిరంలో అమ్మమ్మతో దిగిన ఫొటో కూడా ఒకటి వచ్చింది. ఫోన్‌లో చూస్తే అన్నీ ముచ్చటగా ఉన్నాయి. కంప్యూటర్‌లో తెరిచి కొలిచి చూస్తే మాత్రం చాలావాటిని మీరు కోరినంత పెద్దగా వేయడం కుదరదని తేలింది. ఎందుకు కుదరదో, ఏం చేస్తే కుదురుతుందో ఈ పాఠంలో తెలుసుకుందాం.

ముందు మా తప్పు ఒకటి చెప్పుకోవాలి. కొన్నేళ్ల కిందట వేరే ఊళ్లో పనిచేస్తున్నప్పటి మాట. ఏడో తరగతి పిల్లలంతా మెట్ల మీద వరుసగా కూర్చుని ఫొటో దిగారు. ఆ ఏడాది వాళ్లలో ముగ్గురి నాన్నలకు బదిలీ అయింది. వెళ్లిపోయే పిల్లలకు గుర్తుగా ఉంటుందని ఆ ఫొటోను పేజీ నిండా వేద్దామనుకున్నాం. మా దగ్గరున్నది వాట్సాప్‌లో చేతులు మారి వచ్చిన చిన్న కాపీ. మౌస్‌తో దాని మూల పట్టుకుని పేజీ అంత సాగదీశాం. ప్రెస్సు వాళ్లు "మూడొందలు ఉండాలి" అన్నారు కదా అని రిజల్యూషన్ గడిలో 300 అని టైపు చేసి, పని అయిపోయిందనుకున్నాం.

సంచిక వచ్చింది. తడిగుడ్డతో తుడిచిన పలకలా ఉన్నాయి ముఖాలన్నీ. వెళ్లిపోయిన ముగ్గురిలో ఒకమ్మాయి కొత్త ఊరి నుంచి ఫోన్ చేసి, "టీచర్, రెండో వరుసలో మూడోది నేనేనా?" అని అడిగింది. జవాబు చెప్పడానికి మేము కూడా వేలు పెట్టి లెక్కపెట్టుకోవాల్సి వచ్చింది.

ఫొటో కూడా చుక్కల ముగ్గే

సంక్రాంతి నెలలో మన క్వార్టర్ల ముందు వేసే చుక్కల ముగ్గు గుర్తు తెచ్చుకోండి. తొమ్మిది వరుసలు, వరుసకు తొమ్మిది చుక్కలు పెట్టారనుకుందాం. మొత్తం 81 చుక్కలు. చుక్కకూ చుక్కకూ మధ్య జానెడు ఎడం వదిలితే ముగ్గు వాకిలంతా పరుచుకుంటుంది. వేలెడు ఎడం వదిలితే పీట మీద సరిపోతుంది. రెండింటిలోనూ ఉన్నవి 81 చుక్కలే. మారింది ఎడం ఒక్కటే.

కంప్యూటర్‌లో ఫొటో కూడా ఇలాంటిదే. ఫొటోలోని ఒక్కో చుక్కను పిక్సెల్ అంటారు. ఒక ఫొటో 1280 × 960 అంటే అడ్డంగా 1280 చుక్కలు, నిలువుగా 960 చుక్కలు ఉన్నాయని అర్థం. వాటిని కాగితం మీద ఎంత దగ్గరగా పేర్చాలో చెప్పే అంకె రిజల్యూషన్. 300 అంటే అంగుళానికి 300 చుక్కలు, 72 అంటే అంగుళానికి 72 చుక్కలు.

మేము చేసిన తప్పు ఇప్పుడు మీకు తెలిసే ఉంటుంది. 300 అని టైపు చేస్తే ఫొటోలోకి కొత్త వివరం రాదు. వాకిలి నిండాలని ఎడం పెంచితే ముగ్గు పలచబడుతుంది. మధ్యలో మనమే చుక్కలు అతికిస్తే అవి మనం ఊహించి పెట్టినవే అవుతాయి.

అసలు 300 ఎందుకు?

పుస్తకం చదివే దూరం సుమారు 30 సెంటీమీటర్లు. ఆ దూరం నుంచి చూసినప్పుడు, పక్కపక్కనే ఉన్న రెండు చుక్కల మధ్య ఎడం సుమారు 0.09 మిల్లీమీటర్ల కన్నా తగ్గితే, మంచి చూపున్న కంటికి కూడా అవి కలిసిపోయి కనబడతాయి. అంగుళానికి 25.4 మిల్లీమీటర్లు. 25.4ని 0.09తో భాగిస్తే 282 వస్తుంది. దాన్నే గుండ్రంగా 300 అనుకుంటారు. అందుకే అంగుళానికి 300 చుక్కలుంటే కన్ను చుక్కల్ని చూడదు, బొమ్మను చూస్తుంది.

రోడ్డు పక్క హోర్డింగుకు ఇంత అక్కర్లేదు. దాన్ని దూరం నుంచి చూస్తాం. 3 మీటర్ల దూరమైతే అంగుళానికి 30 చుక్కలున్నా కంటికి చాలు. అంటే 300 అనేది చేతిలో పట్టుకుని చదివే పుస్తకాలకు వాడే లెక్క. మన సంచిక అలాంటిదే.

భాగహారం ఒక్కటి వస్తే చాలు

పిక్సెల్‌ల సంఖ్యను 300తో భాగించండి. వచ్చిన జవాబే ఆ ఫొటోను అచ్చులో స్పష్టంగా వేయగల కొలత, అంగుళాల్లో.

12 మెగాపిక్సెల్ ఫోన్ కెమెరాతో తీసిన ఫొటో సాధారణంగా 4000 × 3000 ఉంటుంది. 300తో భాగిస్తే సుమారు 13.3 × 10 అంగుళాలు. ఎ4 కాగితం కన్నా పెద్దది. అదే ఫొటో వాట్సాప్‌లో చిన్నదై 1280 × 960గా వచ్చిందనుకోండి. ఇప్పుడు 4.3 × 3.2 అంగుళాలే. దాన్ని 8 అంగుళాల వెడల్పుకు సాగదీస్తే అంగుళానికి 160 చుక్కలే పడతాయి, మసక తెలుస్తుంది.

తరచుగా అవసరమయ్యే కొలతలు ఇవి. నోట్‌బుక్ వెనక రాసుకోండి.

పాస్‌పోర్టు ఫొటో (35 × 45 మిల్లీమీటర్లు): 413 × 531 పిక్సెల్‌లు
పోస్టుకార్డు (14 × 9 సెంటీమీటర్లు): 1654 × 1063 పిక్సెల్‌లు
స్టూడియో ఫొటో (6 × 4 అంగుళాలు): 1800 × 1200 పిక్సెల్‌లు
ఎ4 పూర్తి పేజీ (210 × 297 మిల్లీమీటర్లు): 2480 × 3508 పిక్సెల్‌లు

గుంపు ఫొటోలోంచి ఒక్కరినే కత్తిరించి తీసుకునేటప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. పెద్ద ఫొటో 4000 × 3000 అయినా, అందులో ఒక ముఖం 400 × 500 పిక్సెల్‌లే ఉండవచ్చు. అది అచ్చులో 1.3 × 1.7 అంగుళాలకు మించదు.

గింప్‌లో చేసి చూద్దాం

ఫొటోలు దిద్దడానికి ఫొటోషాప్ 1990లో వచ్చింది. దాన్ని కొనుక్కోవాలి. 1996లో వచ్చిన గింప్ ఉచితం, ఎవరైనా కంప్యూటర్‌లో వేసుకోవచ్చు. మన పనికి గింప్ చాలు. వెర్షన్‌ను బట్టి మెనూలో మాటలు కొద్దిగా మారవచ్చు.

1. అసలు ఫొటోను ముట్టుకోవద్దు. కాపీ తీసి, ఆ కాపీని తెరవండి.

2. ఇమేజ్ మెనూలో ఇమేజ్ ప్రాపర్టీస్ తెరవండి. పిక్సెల్‌లు ఎన్ని ఉన్నాయో అక్కడ కనబడుతుంది. అందులో ఉండే రిజల్యూషన్ అంకె 72 అని చూసి భయపడకండి, 300 అని చూసి సంతోషించకండి. చూడాల్సింది పిక్సెల్‌ల లెక్క.

3. అవసరం లేని అంచులు ఉంటే క్రాప్ పనిముట్టుతో ఇప్పుడే కత్తిరించండి. కొలతల పని ఆ తర్వాతే.

4. ఇమేజ్ మెనూలో ప్రింట్ సైజ్ తెరిచి, రిజల్యూషన్ గడుల్లో 300 వేయండి. వెడల్పు, ఎత్తు ఎన్ని అంగుళాలో అక్కడే కనబడతాయి. ఇక్కడ ఒక్క పిక్సెల్ కూడా పెరగదు, తగ్గదు. చుక్కల ఎడం మాత్రమే మారుతుంది. ఫొటోషాప్‌లో అయితే ఇమేజ్ సైజ్ కిటికీలో రీశాంపుల్ పక్కనున్న టిక్కు తీసేసి 300 వేస్తే ఇదే పని అవుతుంది.

5. వచ్చిన కొలత మనకు కావాల్సిన దానికన్నా పెద్దదైతే మంచిదే. ఇమేజ్ మెనూలో స్కేల్ ఇమేజ్ తెరిచి, కావలసిన వెడల్పును అంగుళాల్లో గానీ మిల్లీమీటర్లలో గానీ వేయండి. రిజల్యూషన్ 300 ఉంచండి. వెడల్పు, ఎత్తుల పక్కనున్న గొలుసు గుర్తు కలిసే ఉండాలి. అది విడిపోతే మనిషి సన్నగానో లావుగానో సాగిపోతాడు. ఇంటర్‌పొలేషన్ దగ్గర క్యూబిక్ ఎంచుకోండి.

6. ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్ యాజ్ ద్వారా కొత్త పేరుతో దాచండి. జేపెగ్ అయితే క్వాలిటీ 90కి తగ్గకుండా చూడండి. జేపెగ్ ఫొటోను మార్చి దాచిన ప్రతిసారీ కొంత వివరం పోతుంది. అందుకని దాన్నే పదేపదే తెరిచి దిద్దకండి. మళ్లీ మార్పు కావాలంటే అసలు ఫొటో నుంచే మొదలుపెట్టండి.

లేని చుక్కలు ఎక్కడి నుంచి వస్తాయి?

నాలుగో మెట్టులో వచ్చిన కొలత మనకు కావాల్సిన దానికన్నా చిన్నదైతే? స్కేల్ ఇమేజ్‌లో పెద్ద అంకె వేస్తే సాఫ్ట్‌వేర్ అభ్యంతరం చెప్పదు. నల్ల చుక్కకూ తెల్ల చుక్కకూ మధ్య ఒక బూడిదరంగు చుక్క పెడుతుంది. పక్క చుక్కల్ని చూసి వేసిన అంచనా అది. అందుకే సాగదీసిన ఫొటోలో గీతలు మెత్తబడి, కళ్లు, పెదాలు అలుక్కుపోతాయి.

ఇప్పుడు కృత్రిమ మేధ ఉన్న సాఫ్ట్‌వేర్లు ఈ అంచనాను ఇంకా నేర్పుగా వేస్తాయి. కొండనో గోడనో పెద్దది చేయడానికి అవి పనికిరావచ్చు. మనుషుల ముఖాల దగ్గర మాత్రం ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. అవి గీసిన కనురెప్పలు, పళ్లు వేరే ముఖాలను చూసి నేర్చుకున్నవి. ఫొటో తళతళలాడుతుంది, కానీ అందులో ఉన్నది మీ స్నేహితుడి పోలికలున్న మరొకరు.

పంపేటప్పుడు, దాచేటప్పుడు

మీరు పంపిన ఫొటోల్లో చాలావాటికి జబ్బు కెమెరాలో లేదు, ప్రయాణంలో వచ్చింది. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో చిన్నదవుతుంది. డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నదున్నట్టు చేరుతుంది. ఈమెయిల్‌కు జతచేసినా, పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ఇచ్చినా ఫర్వాలేదు. స్క్రీన్‌షాట్ తీసి పంపితే ఫోన్ తెర మీద ఉన్న చుక్కలే వస్తాయి, అసలు ఫొటో చుక్కలు రావు. ఫొటో తీసేటప్పుడు వేళ్లతో జూమ్ చేసే బదులు రెండడుగులు ముందుకు వేయండి. చాలా ఫోన్లలో ఆ జూమ్ కొంత దూరం తర్వాత కత్తిరింపే.

ఈ సంగతి ఒకే ఊళ్లో ఉండేవాళ్లకన్నా మనకే ఎక్కువ అవసరం. అమ్మమ్మ ఇల్లు అక్కడే ఉంటుంది, ఫొటో పాడైతే వచ్చే వేసవిలో మళ్లీ తీసుకోవచ్చు. మన క్వార్టర్‌లోకి ఇంకో కుటుంబం వచ్చేస్తుంది. తరగతిలో మన బెంచీ మీద ఇంకొకరు కూర్చుంటారు. టాటానగర్ స్టేషన్‌లో సామాను ఎక్కించాక, దల్మా కొండలు వెనకబడ్డాక, ఈ తరగతి మొత్తాన్ని ఒకచోట కూర్చోబెట్టి మళ్లీ ఫొటో తీయడం ఎవరి వల్లా కాదు. ఆ రోజు కెమెరా ఎన్ని చుక్కలు పట్టుకుందో అన్నే మనకు మిగులుతాయి. వాటిని పోగొట్టుకోకుండా దాచుకోవడం మాత్రం మన చేతిలో ఉంది.

ఆ ఏడో తరగతి ఫొటో ఏమైంది?

అసలు ఫొటో కోసం అడగని చోటు లేదు. తీసిన ఫోన్ మారిపోయింది, అసలు ఫైలు దొరకలేదు. మిగిలింది ఆ 1280 × 960 కాపీయే. ఈసారి సాగదీయలేదు. 300తో భాగించి, ఎంత వస్తే అంతే ఉంచాం. సుమారు 10.8 × 8.1 సెంటీమీటర్లు వచ్చింది, పోస్టుకార్డు కన్నా చిన్నది. స్టూడియోలో మూడు ప్రింట్లు తీయించి మూడు ఊళ్లకు పోస్టు చేశాం. రెండో వరుసలో మూడో ముఖం వేలిగోరులో సగమంతే ఉంది. కానీ నవ్వుతోందని తెలుస్తోంది, ఆ అమ్మాయేనని తెలుస్తోంది.

అభ్యాసం

1. ఒక ఫొటో 2400 × 1800 పిక్సెల్‌లు. అంగుళానికి 300 చొప్పున అచ్చు వేస్తే కొలత ఎంత? (జవాబు: 8 × 6 అంగుళాలు)

2. 900 పిక్సెల్‌ల వెడల్పున్న ఫొటోను 6 అంగుళాల వెడల్పుకు వేస్తే అంగుళానికి ఎన్ని చుక్కలు పడతాయి? 300 కావాలంటే ఎంత వెడల్పుకు వేయాలి? (జవాబు: 150 చుక్కలు, 3 అంగుళాలు)

3. దినపత్రికలోని రంగుల ఫొటోను భూతద్దంతో చూడండి. నీలం, గులాబీ, పసుపు, నలుపు చుక్కలు కనబడతాయి. ఏ భాగంలో ఏ రంగు చుక్కలు పెద్దగా ఉన్నాయో రాయండి.

4. మీ పక్క బెంచీ స్నేహితుడికో స్నేహితురాలికో ఈ వారంలో ఒక ఫొటో తీయండి. పిక్సెల్‌లు లెక్కచూసి, ఫొటో ఫైలుకు ఊరి పేరు, తేదీ, వాళ్ల పేరు పెట్టండి. అసలు ఫైలును రెండు చోట్ల దాచండి. ఒకటి మీ ఇంట్లో, ఇంకోటి వాళ్ల ఇంట్లో. బదిలీ ఉత్తర్వు మొదట ఎవరింటికి వస్తుందో ఎవరికి తెలుసు!