మట్టి సంచుల గోడలకు గిలాబు: పాతబస్తీ గచ్చుపని నుంచి గ్రహించదగినవి

ఖాళీ యూరియా, సిమెంటు సంచులలో కొద్దిపాటి తేమగల మట్టిని నింపి, వరుసలుగా పేర్చి, దిమ్మిసతో దట్టించి, వరుసల నడుమ ముళ్లతీగ పరచి కట్టే గోడలు పొలం గదులకు, చిన్న గోదాములకు అనువైనవి. ఇరాన్‌లో జన్మించిన వాస్తుశిల్పి నాదిర్ ఖలీలీ కాలిఫోర్నియాలో ఈ పద్ధతిని ప్రాచుర్యంలోకి తెచ్చారు. గోడ బలం మట్టిలో ఉన్నా, దాని ఆయుర్దాయం పూతపైనే ఆధారపడుతుంది. పాలీప్రొపిలీన్ సంచి ఎండకు కొన్ని నెలలలోనే పెళుసై చిరిగిపోతుంది.

రైతులు సాధారణంగా సిమెంటు పూతనే కోరుతారు. అయితే తేమ మారినప్పుడల్లా మట్టి గోడ స్వల్పంగా కదులుతుంది. బిరుసైన సిమెంటు పొర ఆ కదలికకు తట్టుకోలేక వెంట్రుకవాసి పగుళ్లు తీస్తుంది. వాటిగుండా లోనికి చేరిన వాననీరు ఆవిరై బయటికి పోలేదు. పూత వెనుక మట్టి మెత్తబడుతున్నా గోడ పైకి చక్కగానే కనిపిస్తుంది. అసలు ప్రమాదం ఇదే.

హైదరాబాదు పాతబస్తీ కట్టడాలలో ఈ విషయాన్ని పరిశీలించవచ్చు. 1591 నాటి చార్మినార్‌ను రాయి, సున్నంతో నిర్మించి గచ్చుతో అలంకరించారు. పైగా సమాధుల గచ్చుపని నేటికీ ప్రసిద్ధమే. కాల్చిన సున్నపురాయిని నీటిలో విరియబెట్టి, ఇసుకతో కలిపి గానుగలో నూరితే డంగు సున్నం తయారవుతుంది. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీటిని కలపడం సంప్రదాయం. ఈ పూత గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి క్రమంగా గట్టిపడుతుంది, గోడలోని తేమను మాత్రం బంధించదు. గోల్కొండ సమీపాన కుతుబ్‌షాహీ సమాధుల వద్ద 2013లో ప్రారంభమైన పునరుద్ధరణలో ఇటీవలి కాలపు సిమెంటు పొరలను తొలగించి సున్నపు గచ్చు వేయడం గమనార్హం.

అయితే అవి రాతి గోడలు, ఇవి మెత్తని మట్టి గోడలు. కనుక అనుకరించవలసినది పాతబస్తీ మిశ్రమాన్ని కాదు, అందులోని సూత్రాన్ని: పై పొర లోపలి పొరకంటే బిరుసుగా ఉండరాదు, ఆవిరిని అడ్డగించరాదు.

నున్నని సంచికి మట్టి పట్టదు. అందుచేత గోడ కట్టేటప్పుడే వరుసల నడుమ పురికొసలు వదిలి, వాటితో కోళ్ల జాలిని బిగించాలి. తరువాత సంచుల మధ్య పల్లాలను ఎర్రమట్టి, ఇసుక, తరిగిన వరిగడ్డి కలిపిన ముద్దతో పూడ్చాలి. నల్లరేగడి తడికి ఉబ్బి ఎండకు బీటలు వారుతుంది గనుక పనికిరాదు. మట్టికి ఇసుక ఎంత కలపాలన్నది మట్టిని బట్టి మారుతుంది. రెండు మూడు పాళ్లలో చిన్న నమూనాలు పూసి, ఎండాక పగలనిదానిని ఎంచుకోవడమే నమ్మదగిన పద్ధతి. మట్టి పూత పూర్తిగా ఆరిన పిదప గాట్లు పెట్టి, తడిపి, ఒక పాలు సున్నపు ముద్దకు మూడు పాళ్ల ఇసుక చొప్పున పలుచని పొరలుగా పూయాలి. విరిసే సున్నం చర్మాన్ని, కళ్లను కాలుస్తుంది. చేతితొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి.

కాలనిర్ణయంలో ఒక చిక్కు ఉంది. సంచులు ఎండలో ఆగలేవు, సున్నం వేసవిలో నిలవదు. తేమ త్వరగా ఆరితే పూత పొడిపొడిగా రాలుతుంది. అందువల్ల గోడ లేవగానే మట్టి పూత ముగించి, చూరు బాగా ముందుకు దించి, సున్నపు పూతను నవంబరు, జనవరి మధ్య చేపట్టి కొన్ని రోజులు తడి గోనెపట్టాలు కప్పడం మేలు.

గచ్చు సైతం శాశ్వతం కాదు. 2019 మే నెలలో చార్మినార్ మినారు నుంచి గచ్చు భాగమొకటి ఊడిపడింది. మట్టి సంచుల గోడనైతే ఏటా తొలకరికి ముందే తట్టి చూడాలి. డొల్ల శబ్దం వచ్చిన చోట పూతను విప్పి, తిరిగి మట్టితో, సున్నంతోనే మాటు వేయాలి. అక్కడ సిమెంటు మాటు వేస్తే దాని అంచు వెంటనే మళ్లీ పగులు మొదలవుతుంది.